గిర్దావరుకు పెట్టని రొట్టె

మొన్న మా కంది చేనుకు ఒకతను ఫోను పట్టుకుని వచ్చాడు. చెప్పులకు మట్టి అంటకుండా గట్టు మీదనే నిలబడి, ఆ ఫోనును అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. కరువు పరిహారం రాయాలంటే ఇప్పుడు పంట సర్వే అంతా అందులోనే జరగాలట. పూత మీద ఉన్నప్పుడు వాన ఎగ్గొట్టడంతో కంది అంతా కట్టెపుల్లలైపోయింది. ఆ తర్వాత, ఎవరి కోసమో దారి తప్పి వచ్చినట్టు, ఒక వాన పడింది. ఆ పదును ఆరకముందే ఎండిన కందిని తీసేసి శనగ వేసుకుందామని నేనూ మా కొడుకూ ట్రాక్టరు మాట్లాడుకుని ఉన్నాం. అతను వద్దన్నాడు. "తాతా, కంది పీకకుండ్రి. సర్వే అయ్యేదాక గట్లనే ఉండనీయుండ్రి. ఖాళీ చేను ఫోటో దించితే యాప్ తీసుకోదు" అన్నాడు. సర్వే ఎప్పుడవుతుందని అడిగాను. "పైకెల్లి చెప్తరు తాతా." పైన ఎవరుంటారని అడిగాను. అతను వేలు ఆకాశం వైపు చూపించి నవ్వాడు. వానకూ ఆ దిక్కే చూడాలి, పరిహారానికీ ఆ దిక్కే చూడాలి. మా కొడుకు నా భుజం పట్టుకుని, "ఊకో నాయినా. నాలుగు దినాలు ఆగితే ఏం పోతది?" అన్నాడు. పదును పోతుందిరా, ఏం పోతది అంటావేంది, అని అరిచాను. అతను ఫోను జేబులో పెట్టుకుని బండెక్కాడు. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఎందుకంటే ఆ మాట నేను వినడం మొదటిసారి కాదు. మొదటిసారి విన్నప్పుడు నాకు మీసాలు అప్పుడప్పుడే గట్టిపడుతున్నాయి. ఏటి ఒడ్డున పవర్ ప్లాంటు లేచి, దాని పొగగొట్టం మా ఊరి నుంచి కూడా కనబడడం మొదలైన కాలం అది. నేను బడికి పోయింది తక్కువ. మాది రాయచూరు దిక్కు పల్లె, కన్నడ బడిలో అయిదో తరగతితో సరి. తెలుగు అక్షరాలు మహబూబ్‌నగర్ దిక్కు నుంచి రాయచూరుకు వచ్చే బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్నాను. మేం ఇంట్లో మాట్లాడుకునే మాటకు అక్షరాలు కూడా ఉన్నాయని అప్పుడే తెలిసింది. ఆ తర్వాత దొరికిందల్లా చదివాను. పత్తి విత్తనాల సంచులు, సినిమా గోడబొమ్మలు, చివరికి గవర్నమెంటు హుకుములు కూడా. చదివిన కొద్దీ కోపం పెరిగింది. చదువుకుంటే మనిషికి శాంతం వస్తుందని ఎవరన్నారో గానీ, నాకు ఇంతవరకు రాలేదు.

మా ఇల్లు తెల్లవారేది రొట్టెల చప్పుడుతోనే. మా అమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్న ముద్దను రెండు అరచేతులతో తట్టుతుంటే ఆ చప్పుడు వీధి చివరి దాకా వినబడేది. ఇల్లిల్లూ అదే చప్పుడు. ఎవరింట్లో అది వినబడకపోతే, వాళ్ళింట్లో ఎవరికో బాగా లేదని పక్కింటివాళ్ళు వచ్చి అడిగేవారు. పెనం మీద మాడిన పిండి వాసన, రోట్లో దంచిన వెల్లుల్లి కారం ఘాటు, పక్కనే ఎద్దుల కొట్టంలోంచి వచ్చే పేడా తడిగడ్డీ కలిసిన వాసన, ఇవన్నీ కలిస్తే నాకు తెల్లవారినట్టు. అమ్మ రోజూ ఇంట్లోవాళ్ళ లెక్కకు మించి రెండు రొట్టెలు ఎక్కువ చేసేది. ఎవరికని అడిగితే, "వచ్చేటోళ్ళకు" అనేది. ఎవరు వస్తారో ఆమెకూ తెలియదు. మధ్యాహ్నం మా అరుగు మీద కూర్చున్నవాడు గాజులమ్మేవాడైనా, దారి తప్పిన బైరాగైనా, తినకుండా లేవకూడదు. ఎవరూ రాకపోతే ఆ రెండూ సాయంత్రం ఎద్దులకు పోయేవి.

మా అవ్వ, అంటే నాయినను కన్న తల్లి, గడప మీద పొగాకు నలుపుకుంటూ కూర్చుని మబ్బు కోసం చూసేది. ప్లాంటు వచ్చాక ఆమెకు పెద్ద చిక్కు వచ్చిపడింది. ఉత్తరం దిక్కున నల్లగా కమ్ముకోగానే, "మొగులైంది, పిడకలు లోపలెయ్యుండ్రే" అని కేకపెట్టేది. అమ్మ పరుగెత్తి పిడకలన్నీ లోపల వేసేది. చినుకు రాలేది కాదు. అది మబ్బు కాదవ్వా, కరెంటు తయారుచేసే చోట పొగ అని నేను చెబితే, ఆమె, "గంత పొగ పెడుతున్నరంటే గన్ని రొట్టెలు చేస్తున్నరన్నట్టు. ఎవరికి పెడుతున్నర్రా?" అంది. ఆ కరెంటు తీగలు మా చేను మీదుగానే పోయేవి. మంచు పడే వేళ కింద నిలబడితే తేనెటీగల్లా మోగేవి. ఇంట్లో మాత్రం కిరసనాయిలు బుడ్డి.

నాయినది ఇంకో రకం అలవాటు. చేనులో ఎండిన మొక్క కనబడితే ఆయనకు కంటిలో నలుసు పడ్డట్టే. సాయంత్రం ఇంటికి రాగానే ముఖం కడుక్కోవడానికి ముందు గుంటక బ్లేడును రాయితో గీకి మట్టి వదిలించేవాడు. గుంటక అంటే ఎద్దులకు కట్టి నేల పైపొరను కోసే పనిముట్టు. దానితో కలుపూ పోతుంది, పైమట్టి పొడిపొడిగా మారి లోపలి తడి ఆవిరి కాకుండా కప్పేస్తుంది. మాది నల్లరేగడి. అది తల్లి లాంటిదనేవాడు నాయిన. నీళ్ళు కడుపులో దాచుకుంటుంది గానీ, నోరు తెరిచిందంటే, అంటే బీటలు వారిందంటే, అంతా పోయినట్టే. మా ఊరి సేద్యమంతా ఆ నోరు తెరవనియ్యకపోవడంలోనే ఉంది.

ఆ ఏడు ముంగారి, అంటే తొలకరి, వానలకు సజ్జ వేశాం. మోకాలెత్తు పెరిగి నిలబడింది. తర్వాత వాన మొహం చాటేసింది. సజ్జ ముందు ఆకులు చుట్టుకుంది, తర్వాత పసుపైంది, చివరికి గాలికి గలగలలాడింది. చచ్చిన సజ్జకు ఒక వాసన ఉంటుంది, పాత బొంతను ఎండలో వేసినట్టు. ఊరి నిండా అదే వాసన. అప్పుడు ఊరి భూముల లెక్క రాసే పట్వారి చావడి దగ్గర అందరినీ పిలిచి చెప్పాడు: సర్కారు కరువు పరిహారం ఇస్తుంది, సాబులు జీపులో వచ్చి ఎండిన పంటను కళ్ళతో చూసి రాసుకుంటారు, అంతదాకా ఎవరూ చేను ముట్టుకోవద్దు. "ఖాళీ నేలకు పైసలియ్యరు. పంట ఉండాలె, చచ్చి ఉండాలె" అన్నాడు. ఇంత స్పష్టంగా సర్కారు ఇంకేదీ చెప్పి ఎరగను.

మా పక్క చేను బసన్న కాకాది. కన్నడ ఇంటి మనిషి, మా నాయినకు చిన్ననాటి దోస్తు. మా తెలుగు మాట్లాడితే మధ్యలో కన్నడం దొర్లేది. ఆయనకు ఉన్నదల్లా ఆ చేనూ, ఒక జత ఎద్దులూ. సొంత దూడలను పెంచి ఎద్దులను చేసుకున్నాడు. పరిహారం వస్తే దానితో మేత కొని ఎద్దులను వచ్చే వానల దాకా బతికించుకోవాలి. రాకపోతే అమ్ముకోవాలి. ఎద్దులు పోయిన చేను ఏమవుతుందో మా ఊళ్ళో అందరికీ తెలుసు. మొదటి ఏడు కౌలుకు పోతుంది, రెండో ఏడు పరుల పాలవుతుంది. అందుకే ఆయన పట్వారి మాటను దేవుడి మాటలా పట్టుకున్నాడు.

మా నాయిన పట్టుకోలేదు. పట్వారి చెప్పిన మర్నాడే గుంటక కట్టి సజ్జ మీదికి ఎద్దులను తోలాడు. నేను వెనక ఎండిన మొదళ్ళు ఏరుతున్నాను. బసన్న కాకా గట్టు మీదికి పరుగున వచ్చాడు.

"యాకప్పా ఎంకన్నా, నీకు పిచ్చి గిట్ల పట్టిందా? సాబులొచ్చి చూడాలె గద!"

"చూడనీ. పోయిందని చెప్తా."

"చెప్తే రాస్తరా? కండ్లకు కనబడాలె. సుమ్మనే నాలుగు దినాలు ఉండనీ!"

"ఇంట్ల మనిషి పోతే ఎవరో చూడాల్నని పీనుగును పెట్టుకోని కూసుంటమా బసన్నా? నేల అడుగుతుంది. తియ్యాల్సిందే."

"నీ నేల నీతోని మాట్లాడతది. నా నేల మూగది" అని బసన్న కాకా విసురుగా వెళ్ళిపోయాడు.

జీపు నాలుగు రోజులకు రాలేదు, నెలకూ రాలేదు. భాద్రపదం చివర ఒక్క వాన పడింది. ఒక్కటే, కానీ గట్టిగా. మా చేను అప్పటికి మూడుసార్లు గుంటక తిరిగి దూదిలా ఉంది. పడ్డ నీళ్ళన్నీ తాగేసింది. రెండో రోజే నాయిన గొర్రుతో తెల్లజొన్న వేశాడు. ఊళ్ళో మిగతా చేన్లన్నీ ఎండిన సజ్జను నెత్తిన పెట్టుకుని, బీటలు వారి, గట్టిపడి ఉన్నాయి. నీళ్ళు మీదినుంచి జారి వాగులోకి పోయాయి. అప్పటికీ ఎవరూ సజ్జను ముట్టలేదు. జీపు వస్తుంది కదా! చివరికి ఓపిక పోయి దున్నుదామనుకునే సరికి నేల రాయైంది, అదను దాటింది. సర్కారు పరిహారం ఇవ్వక ముందే ఊరికి రెండో పంటను కూడా లేకుండా చేసింది. ఇది ఎవరి లెక్కలో రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మొన్న ఫోను పట్టుకుని వచ్చిన అతని ముందు నేను అరిచింది అందుకే. అప్పుడు జీపు కోసం ఆగమన్నారు, ఇప్పుడు ఫోటో కోసం ఆగమంటున్నారు. జీపు పోయి ఫోను వచ్చింది, పట్వారి పేరు మారింది, పైసలు చేతికి బదులు బ్యాంకులో పడుతున్నాయి, మంచిదే. కానీ చచ్చిన పంటను ముస్తాబు చేసి నిలబెట్టినవాడికే సొమ్ము, దాన్ని తీసేసి మళ్ళీ విత్తనం వేసుకున్నవాడికి సున్నా అనే నీతి మాత్రం ఇన్నేళ్ళలో వెంట్రుకంత కదలలేదు. పంట పోయిన మర్నాడు రైతు ఏం చేయాలో చెప్పే హుకుం ఒక్కటి నేను చదవలేదు, చదవడానికి నాకు బద్ధకమూ లేదు. మా కంది సంగతి అడిగితే, నేను ఆగలేదు. మర్నాడే ట్రాక్టరు పెట్టించాను. మా కొడుకు నాతో మాట్లాడడం మానేశాడు. కోడలు మధ్యవర్తిగా ఉండి, "నాయిన చాయ్ తాగుతడా అడుగు" అని వాడు అంటే నాకు చెబుతోంది. సరే, ఆ గొడవ మాది.

ఆ ఏడాది ఎళ్ళమాస వచ్చేసరికి, అంటే సంక్రాంతికి ముందు వచ్చే ఎళ్ళ అమావాస్యకు, ఊరి పొలిమేరలో పచ్చగా ఉన్నది మా చేను ఒక్కటే. తెల్లజొన్న మంచుకే పండుతుంది, నేల లోపల తడి ఉంటే చాలు. కంకులు బయటపడి పాలు పట్టాయి. వేలితో గింజను నొక్కితే పాలు చిమ్మేవి, ఆ పచ్చి తీపి వాసనకు కడుపులో ఆకలి లేచేది. ఎళ్ళమాస నాడు మా దిక్కున ఎవరూ ఇంట్లో తినరు. పంట నిండు చూలాలనీ, ఆమెకు పెట్టి మనం తినాలనీ నమ్మకం. చేనులో అయిదు రాళ్ళు పెట్టి పాండవులని పూజిస్తారు. తెచ్చిన వంటకాలన్నీ కలిపి, పైరు మధ్య నడుస్తూ నాలుగు మూలలా చల్లుతారు. దాన్ని చరగ అంటారు. ఒకరు చల్లుతుంటే వెనకవాడు నీళ్ళు చిలకరిస్తూ "హులిగో" అని కేకవేయాలి. ఆ మాటకు అర్థం మా తాతకూ తెలియదు.

అయితే ఆ ఏడు చరగ చల్లడానికి ఊళ్ళో పైరు ఎక్కడుంది? ఎండిన సజ్జలో చల్లితే అశుభం. ముందురోజు బసన్న కాకా వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. గట్టు మీద గొడవ తర్వాత ఆయన మా ఇంటికి రావడం అదే. "వదినె, నీ చేన్ల ఓ మూల చల్లుకుంటం. భూమమ్మను ఆకలితోని పెట్టలేం గద" అన్నాడు. అమ్మ, "అడగాల్నా బసన్నా? అందరిని రమ్మను" అంది. అందరూ వచ్చారు. ఊరు ఊరంతా వచ్చింది. పెట్టెలో దాచిన చీరలు కట్టుకుని, ఎద్దుల కొమ్ములకు రంగు పూసి బండ్లు కట్టుకుని, బుట్టలు నెత్తిన పెట్టుకుని మా చేనులో దిగారు. విత్తనానికి దాచిన నువ్వులు వేసి సజ్జ రొట్టెలు చేశారు. అడుగూడ్చిన పప్పుతో హోళిగెలు, అంటే బొబ్బట్లు, చేశారు. పండుగ నాడు భూమి ముందు లేమి చూపించకూడదు. మర్నాటి నుంచి పస్తులున్నా సరే, ఆ బుట్ట నిండి ఉండాలి. గోంగూరతో చేసే పుండికూర, వంకాయ, అంబలి, వేరుశనగల శేంగ పొడి... ఆ పచ్చని పైరు మధ్య ఆ వాసనలు కలిసిపోయి, ఒక్క పూట అందరం కరువును మరిచిపోయాం.

సరిగ్గా అప్పుడు జీపు వచ్చింది.

శ్రావణం నుంచి కళ్ళు కాయలు కాచేలా చూసిన జీపు. నెలల తరబడి ఎండిన సజ్జ దాని కోసం నిలబడి ఉంటే రానిది, ఎళ్ళమాస నాడు, ఊరు కొత్త బట్టల్లో పచ్చని పైరులో కూర్చుని హోళిగెలు తింటుండగా వచ్చింది. అందులోంచి గిర్దావరు దిగాడు. పట్వారి మీద ఉండే అధికారి, నైజాం కాలం పేరే మా ఊళ్ళో ఇంకా నిలిచింది. సన్నటి మనిషి, చేతిలో గొడుగు, చెడ్డవాడేమీ కాదు. మావాళ్ళకు బుద్ధి ఉండొద్దూ? ఒక్కడైనా లేచి, సాబ్, ఇది ఒక్కటే పచ్చది, రండి మిగతావి చూపిస్తామని అన్నాడా? లేదు. చరగ నాడు చేనులో అడుగుపెట్టినవాడు చుట్టం. "రండ్రి సాబ్, కూసోండ్రి సాబ్" అని అందరూ ఎగబడ్డారు. మా అమ్మ ఆకు వేసి వడ్డించింది. బసన్న కాకా దగ్గర కూర్చుని, "ఇంకొక హోళిగె, నా ఆన!" అని బలవంతపెట్టాడు. డ్రైవరు కూడా తిన్నాడు. గిర్దావరు చేయి కడుక్కుని, "బహుత్ అచ్ఛా! మీ ఊరు చూస్తే మనసు నిండింది" అని జీపెక్కాడు. జీపు మలుపు తిరిగాక గానీ మా నాయిన ముఖం మారలేదు. "బసన్నా, సజ్జ చూపియ్యలేదు గద" అన్నాడు. బసన్న కాకా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఏం రాశాడో తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. కరువు ఊళ్ళలో మా ఊరి పేరు లేదు. నాయినా, బసన్న కాకా, నేనూ రాయచూరు కచేరీకి పోయాం. పొద్దెక్కిన దాకా వరండాలో నిలబెట్టి, తర్వాత తహశీల్దారు పిలిచాడు.

"మీ ఊర్ల పైరు పచ్చగ ఉన్నదట. జనం పండుగ చేసుకుంటున్నరట. దాన్ని కరువంటారా?"

"పచ్చగున్నది నా ఒక్కని చేను సార్" అన్నాడు నాయిన.

"మరి ఊరంత నీ చేన్ల ఎందుకున్నది?"

"వాళ్ళ చేన్ల పైరు లేదు గనుక."

"పైరు లేనోళ్ళు పండుగెందుకు చేసిండ్రు?"

నాయినకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. ముఖం ఎందుకు కడుక్కున్నావని అడిగినట్టుంది ఆయనకు. "చరగ చల్లకుంటే ఎట్ల సార్? భూమి ఆకలితోని ఉంటది గద" అన్నాడు. పక్కనున్న గుమాస్తా ఫక్కున నవ్వాడు. "తినేదానికి లేదని అర్జీ పెడతరు, మట్టికి హోళిగెలు పెడతరు!" నాయిన చేతులు జోడించి, "నన్ను తీసెయ్యుండ్రి సార్. నా చేనుకు వద్దు. తక్కినోళ్ళకు ఇయ్యుండ్రి" అన్నాడు. ఊరంతా ఒకటే లెక్క, ఒక్కణ్ణి తీసి రాయడానికి వీల్లేదని తహశీల్దారు తల అడ్డంగా తిప్పాడు.

బయటికి వచ్చాక బసన్న కాకా కచేరీ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తర్వాత నేలను చూస్తూనే అన్నాడు: "ఎంకన్నా, నీ చేను గూడ ఎండిపోయుంటే బాగుండు." ఒక రైతు ఇంకో రైతుతో అనే మాట కాదది. పగవాడు కూడా అనడు. నా చేతులు పిడికిళ్ళయ్యాయి. నాయిన మాత్రం భుజం మీద తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "లే బసన్నా, బస్సొచ్చింది" అన్నాడు. దారి పొడుగునా ఇద్దరూ ఒకే సీటులో కూర్చున్నారు.

మర్నాడే గోరేబాళ నుంచి ఒక కాలువ రైతు ఎద్దుల బేరానికి వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు వాళ్ళు, వరి పండిస్తారు. అతను బసన్న కాకా ఎద్దుల వీపు నిమిరి, "చిక్కాయి గానీ ఎముక గట్టిదండీ. మాకు కాలవ వదిలారు, దమ్ముకు కావాలి. సంత రోజున వచ్చి తోలుకుపోతానండీ, ఆలోచించుకోండి" అన్నాడు. పాపం, మర్యాదగానే అన్నాడు. వాళ్ళకు నీళ్ళు వదిలారు, మాకు పొగ వదిలారు.

సంత ఇంకా రాకముందే ఒక తెల్లవారుజామున నాయిన కొడవలి తీసుకుని బయల్దేరాడు. నన్నూ లేపాడు. జొన్న కోతకు ఇంకా చాలా వారాలున్నాయి. ఎందుకని అడిగితే చెప్పలేదు. చేనులో దిగి పాలు పట్టిన పైరును మొదలంటా కోయడం మొదలుపెట్టాడు. కలుపు మొక్కను పీకేటప్పుడు కూడా పక్క మొక్క వేరు కదలకుండా చూసుకునే మనిషి. అమ్మ రొట్టెలు చేయడం ఆపి వచ్చి, కొంగు బిగించి, ఆయన పక్కనే కోసింది. ఒక బండెడు పచ్చి చొప్ప బసన్న కాకా వాకిట్లో దించాం.

"ఏంది ఇది?"

"మేత."

"పాలు పట్టిన పైరు కోస్తరా ఎవరన్నా? పాపం తాకుతది!"

"ఎడ్లు పాలు తాగవా ఏంది? తాగనీ."

"నాకు ధర్మం చేస్తున్నవా ఎంకన్నా? నా మాట గుర్తుపెట్టుకోని చేస్తున్నవా?"

"ఎడ్లు ఏమన్నయి నన్ను? అన్నది నువ్వు. నీకు పెడుతలేను."

బసన్న కాకా ఎద్దులను విప్పి మా కొట్టానికి తోలుకొచ్చి మా గుంజకే కట్టాడు. "తినేది నీ మేత. పేడ గూడ నీ గుంతల్నే పడనీ" అన్నాడు. ఆ సాయంత్రమే మూటకట్టుకుని ప్లాంటుకు కూలికి పోయాడు. సంత రోజున గోరేబాళ రైతు వచ్చి, మా కొట్టంలో ఎద్దులను చూసి, "మీరు కొనేశారాండీ?" అని అడిగాడు. "లేదు, సుట్టాలొచ్చిండ్రు" అన్నాడు నాయిన. సగం చేను అలా ఎద్దుల కడుపులోకి పోయింది. మిగతా సగంతో మేం ఆ ఏడు గడపాలి.

నాయిన మాత్రం ప్రతి సోమవారం కచేరీ వరండాలో నిలబడడం మానలేదు. ఆయన్ను చూడలేక విసుగెత్తి తహశీల్దారు, ఇంకోసారి చూసి రమ్మని గిర్దావరును పంపాడు. అప్పటికి జొన్న ఇంకా కోతకు రాలేదు గానీ, ఎండలు ముదిరాయి. ఈసారి జీపు లేదు. గొడుగు పట్టుకుని తారురోడ్డు నుంచి నడిచే వచ్చాడు. నాయిన ఆయన్ను చేనుచేనుకూ తిప్పి ఎండిన సజ్జ మొదళ్ళు చూపించాడు. మా చేను దగ్గరికి రాగానే ఆయన ఆగి, సగం కోసి ఉండడం చూసి, "పచ్చి పైరు ఎవరు కోసిండ్రు? ఎందుకు?" అని నొసలు ముడిచాడు. నాయిన చెప్పాడు. ఆయన నమ్మినట్టు లేదు. మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి మా అరుగు మీదికే వచ్చి కూర్చున్నాడు. లోపల పెనం మీద రొట్టె కాలుతున్న వాసన అరుగు దాకా వస్తోంది. ఆయన చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ తలుపు వైపు చూశాడు.

అమ్మ బయటికి వచ్చింది. చేతిలో చెంబు ఒక్కటే. అది ఆయన ముందు పెట్టి, "సాబ్, పోయినసారి మా ఊరు మీకు అన్నం పెడితే, కరువు లేదని రాసుకున్నరు. ఈసారి నీళ్ళే ఇస్తున్న. తాగి, ఏం రాస్తరో రాయుండ్రి" అంది.

నాయిన దిమ్మెరపోయి స్తంభం పట్టుకున్నాడు. గిర్దావరు ముఖం ఎర్రబడింది. చెంబెత్తి నీళ్ళన్నీ తాగాడు. గొడుగు తెరుచుకుని ఎండలో రోడ్డు వైపు నడిచాడు. ఆయన కనుమరుగయ్యే దాకా అమ్మ గడపలోనే నిలబడింది. తర్వాత లోపలికి పోయి, ఆ పూట రొట్టె ముట్టలేదు.

వానల ముందర హుకుం వచ్చింది. మా ఊరు కరువు ఊరే. ఎండిన పైరు చెప్పలేనిది, ఎండలో నిలబడి మా నాయిన చెప్పలేనిది, పెట్టని రొట్టె చెప్పింది. ఇది న్యాయమా? ఇలా నడుస్తుందా ఒక రాజ్యం? అందరికీ పరిహారం అందింది, మాకు తప్ప. ఒక్కణ్ణి తీసి రాయడానికి అప్పుడు లేని వీలు కచేరీకి ఇప్పుడు దొరికింది, మాది పచ్చని చేను కదా! బసన్న కాకా కూలి మాని వచ్చి, తన ఎద్దులను విప్పుకుని, ముందు మా చేనే దున్నాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు. ఆడవాళ్ళు వచ్చి, "వదినె, నీ చెంబు నీళ్ళకు సర్కారు కరిగింది పో" అని నవ్వితే, అమ్మ కసురుకుంది. "గా మాట నా ముందర ఎత్తకుండ్రి. ఎండల ఒక మనిషి నా అరుగు మీదికెల్లి ఆకలితోని లేచిపోయిండు" అనేది. రొట్టెలు చేస్తున్నప్పుడు మధ్యలో చేయి ఆగిపోయేది. ఆ నెలల్లో ఆమె సరిగా తిన్నట్టు నాకు గుర్తు లేదు.

ఒక పొద్దున రొట్టెలూ పుండికూరా బట్టలో కట్టి నాయిన చేతికిచ్చింది. "కచేరీకి పో. ఆ గిర్దావరుకు పెట్టిరా" అంది. నాకు మండిపోయింది. ఆయన మనకేం పెట్టాడని, ఇంకా మనం ఆయన వెంటబడాలా అని అరిచాను. అమ్మ నా వైపు కూడా చూడలేదు. నాయిన పోయి సాయంత్రం మూటతో తిరిగొచ్చాడు.

"లేడు. బదిలీ అయిండట."

"ఏ ఊరికో అడగలేదా?"

"అడిగిన. అరకేరకు."

"అయితే రేపు అరకేరకు పో."

"ఒక పూట రొట్టెకు రెండు బస్సులు మారాల్నా?"

"మారు" అంది అమ్మ. మర్నాడు చీకట్లోనే లేచి మళ్ళీ కొత్తగా రొట్టెలు తట్టింది. నాయిన మూట చంకన పెట్టుకుని పోయాడు. మా ఊరికి రావడానికి అన్ని నెలలు పట్టిన సర్కారు దగ్గరికి, మా నాయిన జొన్న రొట్టెలు పట్టుకుని రెండు బస్సులు మారి పోయాడు. పొద్దుగూకాక వచ్చాడు. అమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది.

"తిన్నడా?"

"తిన్నడు."

"అన్నీ తిన్నడా?"

"అన్నీ తిన్నడు."

"ఏమన్న అన్నడా?"

నాయిన ఖాళీ బట్ట దులిపి మడిచి అమ్మకిచ్చాడు. "పుండికూరల ఉప్పు తక్కువైందన్నడు."

ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా అమ్మ మాత్రం ఆ రాత్రి కడుపునిండా తిన్నది.